చంకలో గొడుగు

మా రోజుల్లో గొడుగు నేలమీద నిలబెడితే నడుం దాకా వచ్చేది. నల్లగుడ్డ, ఎనిమిది ఇనప ఊచలు, వెదురు కర్ర, వంపు తిరిగిన పిడి, కొసకి ఇనప పొన్ను. విప్పితే ఇద్దరు పట్టేవారు, మధ్యలో పిల్లాడుంటే ముగ్గురు. ఇప్పుడు చేతిసంచీలోంచి జానెడు గొట్టం ఒకటి తీసి దాన్నీ గొడుగే అంటున్నారు. మూడు మడతలట. మీట నొక్కితే ఠప్పున తెరుచుకుంటుందట. తెరుచుకోవడం వరకూ నిజమే. ఏటిగట్టు మీద ఒక్క గాలి విసురు తగిలిందా, అంతే ఠప్పున వెనక్కి తిరగబడుతుంది. అప్పుడు దాన్ని పట్టుకున్నవాళ్ళు గొడుగు కింద తడవరు, గొడుగుతో కుస్తీ పడుతూ తడుస్తారు.

దీనిమీద ఈ ముసలాడికి ఇంత కడుపుమంట ఎందుకయ్యా అంటారేమో. నేను బతికిందే నడక మీదండీ. నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాను. పేరు పెద్దదే గానీ పని మాత్రం గట్టు వెంట నడవడం. మధ్య డెల్టా ప్రధాన కాలువ బొబ్బర్లంక దగ్గర బయల్దేరి లొల్ల లాకుల దగ్గర చీలుతుంది. గట్టు ఎక్కడ జారింది, ఏ తూముకి రాత్రికి రాత్రి ఎవరు అడ్డం పెట్టారు, ఎక్కడ గుర్రపుడెక్క పేరుకుని నీరు ఎగదన్నింది, ఏ షట్టరు తుప్పు పట్టి కదలనంటోంది, ఇవన్నీ కళ్ళతో చూసి రాసుకోవాలి. జీపు పెద్ద ఆఫీసర్లకి. సైకిలు ఉండేది గానీ, వానాకాలం ఆ జిగట మట్టిలో సైకిలు మనల్ని మొయ్యదు, మనమే దాన్ని మొయ్యాలి. అంచేత కాళ్ళే గతి. నాతో పాటు కాలువల కాపలా చూసే లస్కర్లు. అందరి చంకలోనూ గొడుగు.

ఇప్పుడు నడక సరదా అయింది. సంతోషం. రాజమండ్రి, కాకినాడ, హైదరాబాదు కుర్రకారు సెలవు దొరికితే మారేడుమిల్లి అడవులకీ, గుడిస కొండమీది గడ్డిమైదానాలకీ పోతున్నారు. మేము జీతం కోసం నడిస్తే వీళ్ళు డబ్బిచ్చి నడుస్తున్నారు. దానికీ నాకు అభ్యంతరం లేదు. నా అభ్యంతరమల్లా ఆ సరంజామా మీద. మొన్న వానాకాలం మా మనవరాలు స్నేహితులతో కలిసి బయల్దేరింది. బూట్లు, వీపు సంచి, సంచిలోంచి నోటి దాకా గొట్టం ఉన్న నీళ్ళ తిత్తి, టోపీ, మొహానికి రాసుకునే తెల్ల లేపనం, పైనుంచి కింది దాకా జిప్పులున్న రెయిన్‌కోటు. నా గొడుగు తీసి చేతికిచ్చాను.

"అయ్యో తాతయ్యా, గొడుగేసుకుని ట్రెక్కింగేంటి? నవ్వుతారు."

"తడిసిపోతే నవ్వరా అమ్మలూ?"

"తడవనుగా. రెయిన్‌కోటు వాటర్‌ప్రూఫ్."

రెండోనాడు తిరిగొచ్చింది. కోటు విప్పితే లోపల చొక్కా పిండితే చెంబుడు నీళ్ళొచ్చేలా ఉంది. వాన చుక్క లోపలికి పోలేదట, కోటు మంచిదేనట. మరి ఆ నీళ్ళెక్కడివి? చెమట. ఆ కోటు వానని లోపలికి రానివ్వలేదు సరే, ఒంట్లోంచి వచ్చిన ఆవిరిని బయటికీ పోనివ్వలేదు.

ఇందులో బ్రహ్మరహస్యం ఏమీ లేదు. మన వాన చలిదేశపు వాన కాదు. జూన్ నుంచి అక్టోబరు దాకా మనకి వానా ఉంటుంది, ఉక్కా ఉంటుంది, రెండూ ఒకే గంటలో ఉంటాయి. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే చెమట ఆరదు. ఇప్పుడు వేలకి వేలు పోసి కొంటున్న 'గాలాడే' కోట్లు కూడా లోపలి ఆవిరి బయటికి పోవాలంటే బయట గాలి లోపలికంటే పొడిగా, చల్లగా ఉండాలి. శ్రావణమాసంలో రంపచోడవరం దాటాక పొడిగాలి ఎక్కణ్ణుంచి తెస్తారండీ? గొడుగు కింద ఆ బాధ లేదు. నెత్తి తడవదు, నాలుగు పక్కలా గాలి ఆడుతుంది. మోకాళ్ళ కింద తడుస్తుంది. తడవనివ్వండి, పంచె ఎగ్గట్టుకుంటే సరి, ప్యాంటు మడుచుకుంటే సరి. మోకాళ్ళు తడిసి చచ్చినవాడెవడూ లేడు.

ఇంతకీ అసలు తమాషా ఇంకా ఉంది. కాలిఫోర్నియాలో ఉన్న మా పెద్ద మనవడు ఫోను చేసి, "తాతయ్యా, ఇక్కడ దూరాలు నడిచేవాళ్ళు గొడుగులేసుకుంటున్నారు తెలుసా!" అన్నాడు, తనేదో కనిపెట్టినట్టు. రే జార్డిన్ అని ఒకాయన ఉన్నాడట అక్కడ. విమానాలూ రాకెట్ల రంగంలో ఇంజనీరుగా చేసి వదిలేసి కొండలెక్కడం మొదలుపెట్టినవాడు. బండల చీలికల్లో బిగించి ప్రాణం కాపాడుకునే పనిముట్టు ఒకటి తయారుచేసి కొండలెక్కేవాళ్ళలో గొప్ప పేరు సంపాదించాడు. మెక్సికో సరిహద్దు నుంచి కెనడా సరిహద్దు దాకా 4,200 కిలోమీటర్లకి పైగా సాగే పసిఫిక్ క్రెస్ట్ ట్రైల్ అనే కాలిబాటని భార్యతో కలిసి మూడుసార్లు నడిచాడు. వీపు మీద బరువు తగ్గించుకోండి మహాప్రభో అని 1990ల్లో పుస్తకం రాసి, బరువు తగ్గించే ఆ మనిషే గొడుగు మాత్రం పట్టుకెళ్ళండి అని చెప్పాడు. ఎడారిలో ఎండకి ఆగడం కోసం గొడుగు గుడ్డ మీద తళతళలాడే వెండిరంగు పొర అంటించుకునేవాడట. ఇప్పుడు ఆ వెండి గొడుగులు దుకాణాల్లో దొరుకుతున్నాయి. వీపు సంచి పట్టీకి క్లిప్పు పెట్టి బిగించుకుంటే చేతులు ఖాళీగా ఉంటాయి. ధర అడిగితే మనవడు చెప్పాడు. ఆ డబ్బుతో మా రోజుల్లో సెక్షనాఫీసు మొత్తానికి గొడుగులు కొని, మిగిలినదాంతో ఆత్రేయపురం పూతరేకులు పంచేవాళ్ళం.

వెండి పొర సంగతి వినగానే నాకు మా పాత ఓవర్సీరు గారు గుర్తొచ్చారు. ఆయన వేసవిలో తన నల్ల గొడుగు మీద తెల్ల మల్లుగుడ్డ ఇంకోటి కుట్టించుకునేవారు, దిండుకి గలీబు తొడిగినట్టు. నల్లగుడ్డ వేడెక్కి ఆ వేడి నెత్తిమీదకి దిగుతుందని, పైన తెల్లగుడ్డ ఉంటే ఎండని వెనక్కి కొడుతుందని ఆయన లెక్క. దొరల కాలం నుంచీ ఉన్న అలవాటే అది. మేము చాటుగా నవ్వుకునేవాళ్ళం. అమెరికావాడు అదే పని వెండి రేకుతో చేస్తే టెక్నాలజీ అయింది.

ఎండ మాటొచ్చింది గనక చెబుతాను. గొడుగంటే వానకనే మన పిల్లలు అనుకుంటున్నారు. మాకు ఎండకే ఎక్కువ కావలసొచ్చేది. వేసవిలో కాలువలు కట్టేస్తారు కదా, పూడిక తియ్యడం, గట్లు కట్టడం, షట్టర్లు బాగుచెయ్యడం, లాకుల తలుపులు మార్చడం, అన్ని మరమ్మతులూ ఆ కొద్ది రోజుల్లోనే అయిపోవాలి. జూన్‌లో మళ్ళీ నీళ్ళు వదిలెయ్యాలి. అంటే మాకు నడక ఎక్కువుండేది సరిగ్గా ఏప్రిల్, మే నెలల్లో. పంచాంగంలో కర్తరి అని ఉంటుంది చూడండి, మే మొదటి వారంలో మొదలై నెలాఖరు దాకా. దాని చివర్లోనే రోహిణి కార్తె, రోళ్ళు పగిలే ఎండ. ఇది ఊరికే అన్న మాట కాదు, దీనికి ఖగోళం సాక్ష్యం ఉంది. రాజమండ్రి దాదాపు 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఏడాదిలో రెండుసార్లు సూర్యుడు సరిగ్గా మన నడినెత్తి మీదకొస్తాడు, మే 8 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఇంకోసారి. ఆగస్టులో మబ్బు అడ్డం ఉంటుంది. మేలో ఏముంది? పన్నెండు గంటలకి నిటారుగా నిలబడితే మీ నీడ మీ కాళ్ళ కిందే ఉంటుంది. నడినెత్తి ఎండకి టోపీ ఏం చేస్తుంది? నుదురు కాస్తుంది, భుజాలు వదిలేస్తుంది. పైగా జుట్టుని ఉడకేస్తుంది. గొడుగు తలనీ భుజాలనీ వీపునీ ఒకేసారి కాస్తుంది, నెత్తికి తగలకుండా.

ఎండని తేలిగ్గా తీసుకునే రోజులు కావివి. 2015 మే నెలలో వచ్చిన వడగాడ్పులకి ఒక్క మన ఆంధ్రప్రదేశ్‌లోనే, సర్కారు లెక్కల్లోనే, వెయ్యి మందికి పైగా పోయారు. అప్పట్నుంచి ఏటా వేసవి రాగానే విపత్తుల సంస్థ నుంచి ఫోన్లకి సందేశాలొస్తుంటాయి: నీళ్ళు తాగండి, గొడుగు వాడండి, మధ్యాహ్నం బయట తిరగకండి. గొడుగు వాడమని ప్రభుత్వం చెప్పాల్సొచ్చిందంటే ఏమనుకోవాలి? మా అమ్మ చెబితే సరిపోయేది.

ఇంకో మాట. మాకు గొడుగుతో పాటు చెట్లుండేవి. కాలువ గట్ల మీద నిద్రగన్నేర్లు, తుమ్మలు, మర్రులు, ఆ పక్కన కొబ్బరి. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక తవ్విన ఈ కాలువల మీద ఒకప్పుడు పడవలే బస్సులు. గాలి లేకపోతే తాడు భుజానేసుకుని గట్టు మీద నడుస్తూ పడవని లాగేవారు. అంటే గట్టు మొదట్నుంచీ నడిచేవాడి దారే. ఇప్పుడు చాలా చోట్ల ఆ చెట్లు కొట్టేసి, గట్టుని వెడల్పు చేసి, సిమెంటు రోడ్డు పోశారు. కారు వాడికి హాయి. నడిచేవాడికి పైనుంచి ఒక ఎండ, కిందినుంచి ఒక ఎండ. గొడుగు వదిలేసినా ఫర్వాలేని కాలంలో చెట్లుండేవి. చెట్లు పోయిన కాలంలో గొడుగు వదిలేశారు. ఇది ఏ లెక్కో నాకర్థం కాదు.

మహాభారతంలో అనుశాసనిక పర్వంలో గొడుగు పుట్టుక కథ ఉంది. జమదగ్ని మహర్షి బాణాలు వేస్తూ ఉంటే రేణుకాదేవి పరిగెత్తి ఏరుకొచ్చి ఇస్తూ ఉంటుంది. మిట్టమధ్యాహ్నం ఎండకి కాళ్ళూ మాడీ తలా మాడీ కాసేపు చెట్టు నీడన నిలబడిపోతుంది. ఎందుకాలస్యమంటే ఎండ అని చెబుతుంది. ఆయన కోపంతో సూర్యుడి మీదకే బాణం ఎక్కుపెడతాడు. సూర్యుడు బ్రాహ్మడి వేషంలో వచ్చి బతిమాలుకుని, ఇవి ఉంచండి స్వామీ అని గొడుగూ చెప్పులూ ఇచ్చి వెళతాడు. చూశారా, గొడుగు పుట్టింది రాజుగారి సింహాసనం మీద పట్టడానికి కాదు, ఎండలో నడిచే ఆడమనిషి కోసం. గొడుగూ చెప్పులూ దానం ఇవ్వడం అందుకే వచ్చింది. ఆ దానం సంగతి కూడా ఇప్పుడు ఎలా ఏడిసిందంటే, పెద్దకర్మ రోజున బజార్లో అన్నిటికంటే చవకైన బొమ్మ గొడుగొకటి తెచ్చి ఇస్తున్నారు. పోయినాయన వైతరణి దాకా దాంతో నడవాలంటే రెండో మలుపులోనే ఊచలు ఊడతాయి.

గొడుగు పట్టడం కూడా ఒక విద్య అని చెబితే పిల్లలు నవ్వుతారు. అయినా చెబుతాను. గాలికి గొడుగు కడుపు చూపించకూడదు, నెత్తి చూపించాలి. అంటే గాలి ఎటునుంచి వస్తుంటే గొడుగు నెత్తి అటు వంచి, ఊచలు కలిసే చోటికి దగ్గరగా కర్ర పట్టుకుని, పిడి వేపు మోచేతిని ఒంటికి ఆనించి నడవాలి. గట్టు మలుపు తిరిగినప్పుడల్లా గాలి మారుతుంది, ముందే చెయ్యి మారాలి. గట్టు మీద ఎదురుగా ఇంకొకరు గొడుగుతో వస్తే, పొడుగాయన ఎత్తాలి, పొట్టాయన దించాలి. నేను ఎప్పుడూ దించేవాణ్ణే. ఒకరి గొడుగు నీళ్ళు ఇంకొకరి మెడలో పడకుండా దాటిపోవడంలో ఉండేది మర్యాద. వాన లేనప్పుడు అదే గొడుగు చేతికర్ర. జారే గట్టు మీద పొన్ను గుచ్చి అడుగెయ్యడం, గడ్డిలో పురుగూ పుట్రా ఉంటే ముందు తట్టి చూడడం, కాలువలో నీరెంత లోతుందో ముంచి చూడడం, కుక్క మీదకొస్తే దాని మొహం ముందు ఫట్‌మని విప్పడం. మడత గొడుగుతో ఇందులో ఒక్కటి చెయ్యండి చూద్దాం.

మడత గొడుగు కనిపెట్టినాయన్ని తప్పుపట్టను. 1920ల్లో బెర్లిన్‌లో హాన్స్ హౌప్ట్ అనే ఆయన చేశాడు దాన్ని. యుద్ధంలో గాయపడి చేతికర్రతో నడిచేవాడు. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో పొడుగు గొడుగు, ఇక సామాను ఎలా పట్టుకుంటాడు పాపం? ఆయన అవసరం ఆయనది. కర్ర అక్కర్లేనివాళ్ళందరూ ఎగబడి కొనడమే వింత.

అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమంటాడని సామెత. ఐశ్వర్యం లేకుండానే అర్ధరాత్రి గొడుగులు పట్టినవాళ్ళం మేము. 1986 ఆగస్టు వరద ఇప్పటి వాళ్ళకి చెప్పినా తెలీదు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు. నిన్నకాక మొన్న 2022 జూలైలో వచ్చినదాన్ని పెద్ద వరదన్నారు, అది కూడా దానికి చాలా దిగువే. ఆ రాత్రుళ్ళు ఏటిగట్టు మీద కాపలా. కుడిపక్క సముద్రంలా గోదారి, ఎడంపక్క గట్టుకంటే ఎంతో పల్లంలో ఊళ్ళు, కొబ్బరితోటలు. గట్టు అడుగున ఎక్కడైనా నీరు బుగ్గలా ఉబుకుతోందా అని చూడడమే పని. ఎలకబొరియంత దారి దొరికితే చాలు, తెల్లారేసరికి గండి. ఊట స్వచ్ఛంగా వస్తే ఇసక బస్తాలు చుట్టూ పేర్చి నిలబెట్టొచ్చు, మట్టి కలిసి వస్తుంటే మాత్రం గట్టు లోపల కొట్టుకుపోతోందన్నమాట, కేకలెయ్యాలి. దీనికంతకీ దీపం లాంతరు. వేడెక్కిన లాంతరు బుడ్డి మీద ఒక్క వానచుక్క పడితే చిటుక్కున పగులుతుంది. అంచేత ఆ రాత్రుళ్ళు గొడుగు మాకు కాదు, లాంతరుకి. ఒకడు లాంతరు మీద గొడుగు పట్టి నడుస్తాడు, ఇంకొకడు తడుస్తూ గట్టు దిగి కాలితో నేల తడిమి చూస్తాడు. గంటకోసారి మార్చుకునేవాళ్ళం.

మా రోజులన్నీ బంగారమని నేననను. గొడుగు విషయంలోనే ఒక పాడు అలవాటుండేది. కొన్ని ఊళ్ళలో పెద్ద రైతుల అరుగుల ముందు నుంచి వెళ్ళేటప్పుడు కొందరు గొడుగు ముడవాలి, చెప్పులు చేత్తో పట్టుకోవాలి. వాన పడుతున్నా సరే. నాతో నడిచే లస్కరు ఒకాయన, నాకంటే పెద్దవాడు, ఒక్కొక్క వీధి మొదట్లో అలవాటుగా గొడుగు ముడిచి చంకలో పెట్టుకుని, వీధి దాటాక విప్పేవాడు. సర్కారు ఉద్యోగివి, ఎందుకయ్యా ముడుస్తావు అంటే, "మీకు తెలవదులెండి" అనేవాడు. ఆయన మనవడు ఇప్పుడు అదే వీధిలో మోటారు సైకిలు మీద హారను కొట్టుకుంటూ పోతున్నాడు. ఆ చప్పుడు నా చెవికి భరించరానిదే అయినా, ఆ ఒక్క వీధిలో మాత్రం ఎంత కొడితే అంత కొట్టనీ అనిపిస్తుంది.

గొడుగు నడిచేవాడి పనిముట్టే గానీ పనిచేసేవాడిది కాదు. ఈ తేడా కూడా చెప్పాలి. ఊడ్పులప్పుడు జోరువానలో వంగుని నాట్లేసే ఆడవాళ్ళకి రెండు చేతులూ కావాలి, గొడుగెవరు పడతారు? గోనెసంచి ఒక మూలని ఇంకో మూలలోకి దోపి నెత్తిమీంచి వీపు మీదకి వేసుకునేవారు. తర్వాత యూరియా సంచులొచ్చాయి, అవి నీరు పీల్చవు, తేలిక. తాటాకు గొడుగులు నేను చిన్నప్పుడు చూశాను. చేతులు ఖాళీగా ఉండే గొడుగు అమెరికావాడు క్లిప్పు పెట్టి ఇప్పుడు చేశాడు గానీ, కేరళ పొలాల్లో తలకే తగిలించుకునే తాటాకు గొడుగు ఎప్పట్నుంచో ఉంది.

కేరళ వాళ్ళని చూసి నేర్చుకోవాలండీ ఈ విషయంలో. అక్కడ గొడుగు లేకుండా ఇల్లు కదలరు. అలప్పుళలో 1954లో మొదలైన ఒక గొడుగుల కొట్టు, 1995లో కుటుంబంలో రెండుగా చీలి, పోపీ, జాన్స్ అని రెండు పెద్ద కంపెనీలయింది. అంతకుముందు బొంబాయిలో ఇబ్రహీం కరీం కంపెనీ 1860 నుంచీ గొడుగులు చేస్తోంది, దుప్పి బొమ్మ గుర్తుది. గొడుగు ఊచ వెనక కూడా ఒక కథ ఉంది. మొదట్లో ఊచల్ని తిమింగలం ఎముకతోనూ, బెత్తంతోనూ బరువుగా చేసేవారట. 1852లో ఇంగ్లండులో శామ్యూల్ ఫాక్స్ అనే ఆయన ఉక్కు రేకుని దోనెలా వంచి ఊచ చేశాడు. మన ఆనకట్ట పూర్తయిన ఏడే. తేలికా, గట్టిదనం రెండూ కుదిరాయి. పాత గొడుగు ఊచ వేలితో తడిమి చూడండి, సన్నటి గాడి తగులుతుంది. ఆ గాడిలోనే ఉంది దాని బలమంతా.

ఊచ అంటే గొడుగులు బాగుచేసే వాళ్ళు గుర్తొస్తారు. మృగశిర కార్తెకి ముందు వీధుల్లో కేకేసుకుంటూ వచ్చేవారు. అరుగు మీద కూచుని, తోలు సంచి విప్పి, ముందు గొడుగు విప్పి ఆకాశానికేసి పట్టి చూసేవాడు. గుడ్డలో సూదిబెజ్జమంత చిల్లున్నా వెలుగు చుక్కలా కనపడుతుంది. తర్వాత ఊచలు ఒక్కొక్కటీ వేలితో మీటేవాడు, విరిగింది చప్పుడులోనే తెలిసిపోయేది. విరిగిన చోట చిన్న రేకుముక్క చుట్టి, పట్టకారుతో నొక్కి, పైన సన్న తీగ బిగించేవాడు. ఊడిన గుడ్డ కొసని ఊచ చివరి కన్నంలోంచి దారం పోనిచ్చి ముడేసేవాడు. చివర్న కర్రలో ఉండే స్ప్రింగు నాలుకకి ఒక చుక్క కొబ్బరినూనె. పావుగంట పని. ఆ గొడుగు ఇంకో రెండు మూడు వానాకాలాలు లాగేది. అప్పటికీ పాడైపోతే గుడ్డ వడియాల దగ్గర కాకుల్ని బెదరగొట్టడానికి, ఊచలు పిల్లల విల్లంబులకి, కర్ర మా ఆవిడ పూలు కోసే దోటీకి. ఇప్పటి గొడుగు పాడైతే చెత్తబండి. బాగుచెయ్యమంటే కొత్తది కొనుక్కోండి అంటారు, ఆ కొత్తది కూడా మళ్ళీ అలాంటిదే.

నేను కొనుక్కున్న మడత గొడుగు కథ చెప్పాను కాదు. ఊరొద్దు, కొట్టు పేరొద్దు. గాలికి తిరగబడదని కొట్టువాడు గ్యారంటీ ఇచ్చాడు. వాడపల్లి వెంకన్న దగ్గరికి ఏడు శనివారాలు మొక్కుకుని నడిచి వెళ్ళేవాళ్ళు ఈ మధ్య బాగా పెరిగారు కదా, వాళ్ళతో పాటు ఒక శనివారం నేనూ బయల్దేరాను. ఏటిగట్టు ఎక్కీ ఎక్కగానే పడమటి గాలి. గుడ్డ తిరగబడలేదు, గ్యారంటీ నిజమే. కర్ర మడత దగ్గర విరిగి పైభాగం లంకలోకి ఎగిరిపోయింది, చేతిలో పిడి మిగిలింది. పట్టుకెళ్ళి చూపిస్తే తిరగబడితేనే మారుస్తాం, విరిగితే మార్చం అన్నాడు.

మొండిగా గొడుగొక్కటే మోక్షమని నేననడం లేదు. ఉరుములు మెరుపులు మొదలయ్యాక, ముఖ్యంగా ఏటిగట్టు మీదగానీ, గుడిస లాంటి బోడికొండ మీదగానీ, అన్నిటికంటే ఎత్తుగా ఉండేది మీ గొడుగు కొసే. అప్పుడు ముడవాలి, కిందికి దిగాలి, తాడిచెట్టు కిందకి మాత్రం పోకూడదు. మారేడుమిల్లి లోపలి బాటల్లో వెదుళ్ళు రెండుపక్కలా ఒరుసుకునే చోట విప్పితే గుడ్డ చిరుగుతుంది. బోట్లో పాపికొండలు వెళ్ళేటప్పుడు డెక్కు మీద విప్పితే గాలికి గొడుగుతో పాటు మీరూ పోతారు. జగ్గన్నతోట ప్రభల తీర్థంలాంటి జనంలో విప్పితే ఎవరి కంట్లోనో ఊచ పొడుస్తుంది. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. దారి పొడుగునా వేసుకు రండి, రేవు మెట్లు దిగేముందు ముడవండి.

మా మనవరాలు ఈసారి గుడిస వెళ్ళేటప్పుడు వెండి గొడుగు ఆన్‌లైన్లో తెప్పించుకుంది. అమెరికాలో వేసుకుంటున్నారుట కాబట్టి ఇక ఎవరూ నవ్వరట. పద్ధెనిమిదో శతాబ్దంలో లండన్ వీధుల్లో జోనాస్ హాన్వే అనే ఆయన గొడుగేసుకుని నడిస్తే గుర్రబ్బండ్ల వాళ్ళు ఎగతాళి చేసేవారట. వానపడితేనే కదా వాళ్ళకి బేరం! అక్కడ నవ్వు ఆగేసరికి చాలా ఏళ్ళు పట్టింది. ఇక్కడ నవ్వు ఆగడానికి అమెరికా కావలసొచ్చింది. పోనీలెండి, ఏదో ఒక దారిన గొడుగు తిరిగొచ్చింది కదా.

ఒక్క మాట అడుగుతాను. మీ అటక మీద పాత కర్ర గొడుగు ఉంటే పారెయ్యకండి. మీ ఊళ్ళోనో పక్కూరి సంతలోనో గొడుగు బాగుచేసేవాడు ఇంకా ఎవరైనా ఉంటే, జూన్ రాకముందే పట్టుకెళ్ళి ఆయనకి పనివ్వండి. అడిగినంత ఇవ్వండి, బేరమాడకండి.